ఊపిరి నిలిపే షాంపూ సీసా

న్యుమోనియా ముదిరిన పసిబిడ్డ డొక్కలెగరేస్తూ, ఊపిరి వదిలినప్పుడల్లా మూలుగుతుంది. అది ఉత్త బాధ మూలుగు కాదు. గొంతు సగం బిగించి, గాలంతా ఒక్కసారే బయటికి పోకుండా ఒళ్లు చేసే ప్రయత్నం. ఊపిరితిత్తుల్లోని గాలి గదులు పూర్తిగా ముడుచుకుపోతే మళ్లీ తెరవడం కష్టం. కొత్త బెలూన్‌ని మొదటిసారి ఊదడానికి బుగ్గలు నొప్పెడతాయి చూడండి, అలాగే.

అలా మూలిగే శిశువుల గొంతులో గొట్టం వేస్తే మూలుగు ఆగి, రక్తంలో ఆక్సిజన్ పడిపోతోందని 1968లో కేప్‌టౌన్ వైద్యులు చూపించారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో జార్జ్ గ్రెగరీ అనే వైద్యుడు ఆ మూలుగు పనిని పరికరానికి అప్పజెప్పాడు. ఊపిరి అందని 20 మంది నవజాత శిశువులకు ఎడతెగని గాలి ఒత్తిడి ఇస్తే 16 మంది బతికారని 1971లో ప్రకటించాడు. అదే సీపాప్. వెంటిలేటర్ బిడ్డ బదులు తానే ఊపిరి తీస్తుంది. సీపాప్‌తో ఊపిరి బిడ్డదే, గాలి గదులు మూతపడకుండా కాయడమే పరికరం వంతు.

బంగ్లాదేశ్ వైద్యుడు మొహమ్మద్ జొబాయర్ చిస్తీ 1996లో సిల్హెట్ ఆసుపత్రిలో పనిచేస్తుండగా, ఒకే రాత్రి ముగ్గురు పిల్లలు న్యుమోనియాతో కన్నుమూశారు. తర్వాత మెల్‌బోర్న్‌లో ఆయన బుడగల సీపాప్ చూశాడు. ఢాకా తిరిగొచ్చాక ఖాళీ షాంపూ సీసాతో అలాంటిదే కట్టాడు. ఆక్సిజన్ ముక్కు గొట్టాల్లోకి వెళ్తుంది. బిడ్డ వదిలిన గాలి మరో గొట్టం గుండా సీసాలోని నీళ్లలోకి చేరుతుంది. గొట్టం 5 సెంటీమీటర్లు మునిగితే ఒత్తిడీ 5 సెంటీమీటర్ల నీటిదే. మీటరు అక్కర్లేదు. బుడగలు ఆగాయంటే ముక్కు గొట్టం జారిందనో, ఎక్కడో గాలి పోతోందనో అనుమానించాలి.

2015లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఢాకా పరీక్షలో మామూలు ఆక్సిజన్ అందిన 67 మంది పిల్లల్లో 10 మంది చనిపోతే, బుడగల సీపాప్ పెట్టిన 79 మందిలో చనిపోయింది ముగ్గురే. వెంటిలేటర్ ఖరీదు వేల డాలర్లు. దీనికి డాలరున్నర కూడా కాలేదు.

అయితే మలావీలోని ఒక జిల్లా ఆసుపత్రిలో, రోజువారీ వైద్యుల పర్యవేక్షణ లేని వార్డులో బుడగల సీపాప్‌ను పరీక్షిస్తే ఫలితం తిరగబడింది. 2019లో వెలువడిన ఆ లెక్కల్లో మామూలు ఆక్సిజన్‌తో మరణాలు 11 శాతం, సీపాప్‌తో 17 శాతం. అక్కడి పిల్లల్లో చాలామందికి పోషకాహార లోపం, హెచ్ఐవీ లాంటి చిక్కులూ ఉన్నాయి. ఢాకాలో సీసా పక్కన రేయింబవళ్లు వైద్యులు, నర్సులు ఉన్నారు. సీసా కొనే ఆసుపత్రి ఆ జీతాల ఖర్చునూ లెక్కలో వేసుకోవాలి.