పడవను కొలిచి తెడ్డు కొనుడు

నాచారము, ఉప్పల్ ప్రాంతములను నేడు చూచువారికి పడవ జ్ఞప్తికి వచ్చుట యరుదు. ఒకవైపు పారిశ్రామికవాడ, రేకుల కప్పుల కర్మాగారములు. మఱియొకవైపు 2017వ సంవత్సరము నవంబరు నెలనుండి నడచుచున్న మెట్రో రైలు. అయినను నాచారము పెద్దచెరువు, ఉప్పల్ నల్లచెరువు, రామంతాపూరు చెరువు అను పేర్లు ఈ నేల పూర్వస్థితిని చెప్పుచునే యున్నవి. చెరువు క్రింద వరి, చెరువులో చేప; ఇది తెలంగాణపు పల్లెలకు పాత కుదురు. నగర సమీపమున ఆ కుదురు చెదరినను, ఘట్‌కేసరు దాటి తూర్పునకు పోయినచో రైతును మత్స్యకారుడును నేటికిని ఒకే కట్టమీద కలిసికొనుచున్నారు.

మేము విత్తనములు, పనిముట్లు చూపుచు తిరుగువారము. తెడ్లతో మాకేమి పని యని చదువరులు అడుగవచ్చును. అడిగినవారికి ఈ క్రింది వృత్తాంతమే సమాధానము. ఇందలి నష్టము మత్స్యకారులకు కలిగినదే యైనను, ఇందలి పాఠము నాగలి కొనువానికిని, నీటిపంపు కొనువానికిని సమానముగ చెందును.

కడచిన వానకాలమున ఆ వైపు చెరువు సంఘమువారు కొందఱు తమ చందాలతో ఒక చిన్న ఫైబరు పడవను చేయించుకొనిరి. అంతకుముందు వారు థర్మోకోలు తెప్పలమీదను, ఒక పాత పుట్టిమీదను వలలు వేయుచుండిరి. పడవ వచ్చినది, తెడ్లు రాలేదు. “అవి వేఱుగ కొనుక్కొనవలెను” అని చేసినవారు చెప్పిరి. బండి చేయించుకొన్నవానికి కాడి వేఱుగ కొనుక్కొమ్మని చెప్పినట్లాయెను. కాకినాడలోనో మచిలీపట్నములోనో యైనచో ఈ చిక్కు రాదు. అచ్చట వడ్రంగి పడవను చూచును, పడవవాడు వడ్రంగిని ఎఱుగును. సముద్రమునకు మూడువందల కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్న మనకట్టి బజారు లేదు. ఆటవస్తువుల దుకాణము, ఇనుప సామానుల దుకాణము, చేతిలోని ఫోను, ఈ మూడే దిక్కు. మూటియందును వారికి కష్టమే కలిగినది.

పేరులోని చిక్కు

మొదటి కష్టము పేరువలననే వచ్చినది. మన వాడుకలో తెడ్డన్నది ఒకే మాట. వస్తువులు మాత్రము రెండు. దేనికిని ఆనించక రెండు చేతులతో పట్టుకొని నీటిని త్రోయు పొట్టి తెడ్డొకటి. పుట్టికి పనికివచ్చునది యిదియే. పడవ అంచున నమర్చిన కొక్కెములో నిలిపి, తెడ్డు వేయువాడు పడవ వెనుకవైపునకు ముఖము పెట్టి కూర్చుండి లాగెడు పొడుగు తెడ్డు రెండవది. ఇంగ్లీషువారు మొదటిదానిని పాడిల్ అనియు, రెండవదానిని ఓర్ అనియు వేఱువేఱుగ పిలుతురు. ఫోనులో బొమ్మను చూచి సంఘములోని యువకుడొకడు ‘తెడ్డు’ తెప్పించెను. వచ్చినవి పొట్టివి. పుట్టిలో నేర్చిన చేయి గనుక వానితో పడవను కొంత కదల్చగలిగిరిగాని, వలల బరువుతో గాలికి ఎదురుపోవుట సాధ్యము కాలేదు. తిప్పి పంపబోగా, పెట్టె విప్పినారు గనుక తీసికొనమని ప్రత్యుత్తరము వచ్చెను.

కొలతలోని చిక్కు

రెండవ దుకాణమున పొడుగు తెడ్లే దొరకినవి. కాని అన్నియు ఒకే కొలత, ఐదడుగులు. “అందఱును ఇవే కొనుచున్నారు” అని అంగడివాడు చెప్పెను. తెడ్డు పొడవు మనిషినిబట్టి కాదు, పడవ వెడల్పునుబట్టి యుండవలెను. దీనికి పడవపనివారిలో వాడుకయందున్న లెక్క యొకటి కలదు. రెండు ప్రక్కల కొక్కెముల నడుమ దూరమును అంగుళములలో కొలిచి, అందు సగమునకు 2 అంగుళములు కలుపవలెను. ఇది తెడ్డులో పడవ లోపలివైపున నుండు భాగము. దీనిని 25 చే హెచ్చించి 7 చే భాగించినచో తెడ్డు మొత్తము పొడవు తేలును.

ఈ సంఘమువారి పడవ కొక్కెముల నడుమ దూరము 48 అంగుళములు. సగము 24, రెండు కలుపగా 26. దానిని 25 చే హెచ్చింపగా 650. ఏడుచే భాగింపగా ఇంచుమించు 93 అంగుళములు, అనగా 7 అడుగుల 9 అంగుళములు. వారు తెచ్చుకొన్నవి ఐదడుగులవి! అట్టి పొట్టి తెడ్డు నీటిని అందుకొనుటకు పిడిని మిక్కిలి ఎత్తి పట్టవలసివచ్చును. రెక్క నిటారుగ దిగును. భుజము నొచ్చునుగాని పడవ సాగదు. రెండు దినములు తెడ్డు వేసిన పెద్దాయన, “అయ్యా, లోపము నా చేతిలో నున్నదనుకొంటిని” అని మాతో ననెను. వస్తువు లోపమును తన లోపమని యెంచుకొనుటకంటె కొనువానికి వేఱు నష్టమేమున్నది?

కూడని సామానులు

తెడ్డును పట్టియుంచు కొక్కెము గుఱ్ఱపులాడము ఆకారముననుండును. దాని క్రింది మొల పడవ అంచులోని రంధ్రములో తిరుగవలెను. వారికి వచ్చిన కొక్కెముల మొల లావు. పడవలోని రంధ్రము సన్నము. రంధ్రమును పెద్దది చేయించిరి. అంతట వదులై, లాగినప్పుడెల్ల ఊగి, అంచు పగుళ్లు పట్టినది. కొక్కెమును, అది కూర్చుండు గొట్టమును ఒకేచోట, ఒకదానిలో నొకటి దింపి చూచి కొనవలెను. మామూలు ఇనుము తుప్పుపట్టును. జస్తుపూత గలదియో, తుప్పుపట్టని ఉక్కో, ఇత్తడియో మేలు.

త్రాళ్లయందును భేదము కలదు. నైలాను త్రాడు నీట మునుగును, సాగును, లంగరునకు మంచిది. పాలీప్రొపిలీను త్రాడు నీటిమీద తేలును గనుక విసరి యందించుటకు మంచిది. కాని యెండకు బలము తగ్గును. రెండును బజారులో ‘ప్లాస్టిక్ త్రాడు’ అను ఒకే పేరుతో అమ్ముడుపోవుచున్నవి. కూర్చుండు బల్లకు ప్లైవుడ్డు కొనినచో, దానిమీది ఐ.ఎస్. సంఖ్యను చూడవలెను. 710 అన్నది పడవలకు తగిన రకము. 303 అన్నది సాధారణపు వాడుకది. వారి బల్ల ఒక నెల తడియగనే పొరలు పొరలుగ విడిపోయినది. ప్రాణరక్షణ జాకెట్టుమీద తేల్చుబలమును న్యూటనులలో 50, 100, 150 అని వ్రాయుదురు. 50 రకము ఈత బాగుగ వచ్చినవారికి, ఒడ్డు దగ్గఱ మాత్రమే. రంగుచూచి జాకెట్టు కొనువారు ఈ అంకెను చూడక విడువరాదు.

విఱిగిన తెడ్డు

విసిగి, తుదకొక వడ్రంగిచేత కొయ్యతెడ్లు చేయించిరి. కొలత సరిపోయినది, రంగు నిగనిగలాడినది. ఇరువది దినముల పిమ్మట ఒక సాయంకాలము ఈదురుగాలి లేచినప్పుడు, చెరువు నడుమ నొక తెడ్డు కాడ పుటుక్కున విఱిగెను. ఒంటి తెడ్డుతో పడవ తిరిగినచోటనే తిరుగుచు, గాలికి కొట్టుకొనిపోయి గుఱ్ఱపుడెక్కలో చిక్కుకొనెను. ఇద్దఱు మనుష్యులు చీకటిపడువఱకు అందులోనే యుండిరి. కట్టమీద వారి యిండ్లవారు దీపములు పట్టుకొని కేకలువేయుచుండిరి. తెప్పమీద పోయి త్రాడందించి లాగుకొనివచ్చిరి. ప్రాణములు దక్కినవి; పట్టిన చేప చెడిపోయినది.

విఱిగిన ముక్కను మేము చూచితిమి. రంగు క్రింద కొయ్యముడి యుండెను, కొయ్యయు పచ్చిది. తెడ్డునకు రంగు వేయకముందే చూడవలెను. కొయ్య నార పిడినుండి రెక్కవఱకు తిన్నగ సాగవలెను. కాడలో ముడి యుండరాదు. రెండు కొనలను ఇటుకలమీద నుంచి నడుమ అరచేతితో నొక్కినచో, కొంచెము వంగి మరల తిన్ననై నిలువవలెను. చిటపట యనినచో విడువవలెను. జతలో రెండును ఇంచుమించు సమానమైన బరువు తూగవలెను. కాడకును రెక్కకును వార్నీషు వేయవచ్చునుగాని, పిడిని నున్నగ చెక్కి వట్టిదిగ నుంచుట మేలు. పూత వేసిన పిడి అరచేతిని బొబ్బలెక్కించును. లోహపు గొట్టపు తెడ్డు కొనువారు దాని కొనల బిరడాలను పరీక్షింపవలెను. అవి వదులైనచో గొట్టము నీరుత్రాగి, చేయిజాఱిన తెడ్డు మునిగిపోవును.

ఎవరితో చెప్పుకొనవలెను?

ఈ సంఘమువారికి ఐదు మాఱులు సొమ్ము పోయినది. ఒక్క రసీదు లేదు. చట్టము వారి పక్షమున లేకపోలేదు. 1986వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టమునకు బదులుగ వచ్చిన 2019వ సంవత్సరపు చట్టము 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చినది. వ్యాపారార్థము కొనువానికి ఆ చట్టము వర్తింపదుగాని, స్వయముగ కష్టపడి జీవనము చేసికొనుటకై కొనువానికి వర్తించును. కావున బ్రతుకుతెరువునకై తెడ్డు కొన్న మత్స్యకారుడును, తన పొలమునకై పంపు కొన్న రైతును వినియోగదారులే. తిరిగి అమ్ముటకు కొన్నవారికి ఈ రక్షణ లేదు. అందువలన సంఘము సరకు కొని సభ్యులకు అమ్ముటకంటె, బేరము కలిసి చేసి, రసీదు మాత్రము ఏ సభ్యుని వస్తువునకు ఆ సభ్యుని పేర వ్రాయించుకొనుట క్షేమము.

ఫోనుద్వారా అమ్మువారు ఫిర్యాదు చేరినట్లు 48 గంటలలో తెలిపి, ఒక నెలలో పరిష్కరింపవలెనని 2020వ సంవత్సరపు నిబంధనలు చెప్పుచున్నవి. కట్టి అమ్ము పెట్టెమీద తయారుచేసినవాని పేరు, చిరునామా, గరిష్ఠ ధర, ఫిర్యాదు చేయవలసిన చోటు ఉండితీరవలెను. ఇవి లేని పెట్టెను కొనకుండుటయే మంచిది. 1915 అను సంఖ్యకు ఫోనుచేసి ఫిర్యాదు తెలుపవచ్చును. జిల్లా కమీషనులో రెండు సంవత్సరముల లోపల, తాను నివసించు జిల్లాలోనే, దావా వేయవచ్చును. సరకు వెల 5 లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు. అయితే ఇన్నిటికిని మూలము రసీదు. అది లేనివాని మాట కట్టతెగిన చెరువువంటిది.

కలిసి కొనుట

1844వ సంవత్సరమున ఇంగ్లండులోని రోచ్‌డేలు పట్టణమున 28 మంది పనివారు కూడి పిండి, వెన్న, చక్కెర అమ్ము చిన్న అంగడిని తెఱచిరి. కల్తీలేని సరకు, సరియైన తూకము, ఇవియే వారు కోరినవి. మన దేశమున 1904వ సంవత్సరపు చట్టము అప్పుల సంఘములకు మాత్రమే త్రోవచూపెను; 1912వ సంవత్సరపు చట్టము కొనుగోలు, అమ్మకము మొదలగు ఇతర కార్యములకును సంఘములు పెట్టుకొన వీలు కల్పించెను. మనము అప్పుకు కూడుచున్నాము, సబ్సిడీకి కూడుచున్నాము. కొనుటకు మాత్రము ఒంటరిగ పోవుచున్నాము.

తరువాత ఆ సంఘమువారు మా మాట విని, పడవను కొలిచి, తెడ్డు బొమ్మను కాగితముమీద గీసి, కొలతలన్నియు వేసికొనిరి. పొరుగు చెరువువారిని ఇద్దఱిని కూడ కలుపుకొనిరి. మూడు జతల తెడ్లకు ఒకే వడ్రంగి. ఆరిన కొయ్య, ముడి కనబడిన తీసికొనమని ముందే వ్రాతమూలకమైన ఒప్పందము. కొక్కెములను నాచారము పారిశ్రామికవాడలో ఒక చిన్న లేతు పనివానిచేత చేయించిరి. ఆతడు తన జన్మలో పడవ యెక్కినవాడు కాడు. అయినను కొలత చేతికిచ్చినంతనే, మొలను గొట్టములో దింపి చూపి మఱియిచ్చెను. ఏ పనితనముకొఱకు వారు మూడు నెలలు తిరిగిరో, అది వారి యింటికి గంట దూరముననే యుండెను. లేకపోయినది పనివాడు కాదు, కొలత.

కావున సంఘముల కార్యదర్శులకు మా మనవి. సంఘపు పుస్తకములో ఒక పుటను దీనికై యుంచుడు. ప్రతి పడవకును, ప్రతి పంపునకును, ప్రతి పిచికారికిని కొలతలు, కొన్న తేది, రసీదు సంఖ్య, చేసిన పనివాని పేరు అందు వ్రాయుడు. రాబోవు వానకాలమునకు ముందే ఆ పుటను ఒకమాఱు సభ్యుల యెదుట చదువుడు. ఆ చెరువు సంఘమువారు ఇప్పుడు ఒక తెడ్డును అదనముగ పడవలో కట్టియుంచి గాని ఒడ్డు విడుచుట లేదు.