అమ్మానాన్నలు ఫారంలో ఒక గడి కాదు

1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో ఎన్నో తెలుగు కుటుంబాల పిల్లలకు మంచి ఉద్యోగాలు దొరికాయి. వారిలో ఎంతోమంది చదువు వెనుక అమ్మ తాకట్టు పెట్టిన గాజులో, నాన్న అమ్ముకున్న పొలమో ఉంది. ఆర్థిక సంవత్సరం ముగింపుకొస్తే చాలు, ఆ ఆఫీసుల్లో పన్ను మినహాయింపుల రుజువులు సమర్పించే హడావుడి మొదలవుతుంది. ఏడాదంతా గుర్తురాని అమ్మానాన్నలు అప్పుడు కొందరికి గుర్తొస్తారు!

పాత పన్ను విధానాన్ని ఎంచుకున్నవారు 60 ఏళ్లు నిండిన తల్లిదండ్రుల ఆరోగ్య బీమా ప్రీమియం కడితే, ఏడాదికి 50,000 రూపాయల దాకా మినహాయింపు ఉంది. వారికి బీమా లేకపోతే వైద్య ఖర్చులకూ అదే పరిమితి వర్తిస్తుంది. నగదుగా చెల్లించినవి మాత్రం లెక్కకు రావు. కొత్త విధానంలో ఈ మినహాయింపే లేదు. 'లాభం లేనప్పుడు వాళ్ల బీమా ఎందుకు కట్టాలి?' అనే ఆలోచన వచ్చిందంటే, మన ప్రేమ ఎంతో అక్కడే తేలిపోతుంది.

యేసుప్రభువు కాలంలోనూ ఇలాంటి అతితెలివి ఉండేది. తల్లిదండ్రులకు అందవలసిన సొమ్మును 'కొర్బాను', అంటే దేవార్పితమని ప్రకటిస్తే ఇక వారికి ఇవ్వనక్కరలేదని నాటి మతపెద్దలు సమర్థించేవారు. అలా దేవుని ఆజ్ఞనే కొట్టివేస్తున్నారని ప్రభువు వారిని గద్దించాడు (మార్కు 7:9–13). దశమభాగం తప్పకుండా ఇస్తూ, ఊళ్లో ఉన్న తండ్రి మందులకు లెక్కలు చెప్పే విశ్వాసికీ ఆ గద్దింపు వర్తించదా? ఇక రూపాయి ఇవ్వకుండానే తల్లికి అద్దె కడుతున్నట్టు దొంగ రసీదు పెట్టేవారు అటు ప్రభుత్వాన్నీ, ఇటు అమ్మనూ మోసగిస్తున్నారు.

వృద్ధ తల్లిదండ్రుల పోషణ కోసం మన దేశం 2007లో చట్టం చేయవలసి వచ్చింది. కానీ సీనాయి కొండ మీద దేవుడు ఆ ఆజ్ఞను ఏనాడో ఇచ్చాడు (నిర్గమ 20:12). సిలువ మీద వేలాడుతూ కూడా యేసు తన తల్లి బాధ్యతను ప్రియశిష్యునికి అప్పగించాడు (యోహాను 19:26–27). లోకపాపాలు మోస్తున్న ఆ ఘడియలో ఆయనకు అమ్మ గుర్తుంది. మరి ప్రాజెక్టు గడువుల మధ్య మనకు గుర్తుందా?

చట్టం ఇచ్చే మినహాయింపు నిజాయితీగా వాడుకోవడం తప్పు కాదు. అయితే ఆ మిగిలిన పన్ను సొమ్ము కూడా అమ్మానాన్నల మందులకే చేరితే ఎంత బావుంటుంది! ఈ ఆదివారం ఆరాధన ముగియగానే ఊరికి ఫోన్ చేద్దాం. పాన్ నంబరు కోసం కాదు, 'భోజనం చేశావా అమ్మా?' అని అడగడానికి.