శిలను చదును చేయని నిర్మాణమే శిలకు తగిన నిర్మాణం
మౌలాలి గుట్ట నేర్పుతున్న పాఠం

హైదరాబాద్ తూర్పు భాగంలోని ఉప్పల్, నాచారం ప్రాంతాల నుండి ఉత్తర దిశగా సాగితే, కాలనీల మేడల నడుమ గుండ్రని శిఖరంతో లేచి నిలిచిన మౌలాలి గుట్ట దర్శనమిస్తుంది. ఇబ్రహీం కుతుబ్ షా పాలనాకాలం (1550–1580) నుండి ఈ గుట్టపై గల దర్గాను దర్శించుటకు మతభేదం లేకుండా ప్రజలు నాలుగు వందలకు పైగా మెట్లు ఎక్కి వెళుతున్నారు. సందర్శకుల సంఖ్య ఎంత పెరిగినా ఆ కొండ కొండగానే కనిపించుట గమనించదగిన విషయం. ప్రకృతి దృశ్యంలో ఒదిగిపోయే సందర్శక నిర్మాణాలు ఎలా ఉండాలన్న ప్రశ్నకు సమాధానం కొంతవరకు ఇక్కడే లభిస్తున్నది.

శిలల స్వభావం

హైదరాబాద్ పరిసరాలలోని గ్రానైటు శిలల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూగర్భంలో శిలాద్రవం చల్లారి గట్టిపడగా, పైనున్న పొరలు యుగాల తరబడి కొట్టుకుపోవుటతో అవి బయల్పడినవి. నిలువుగా, అడ్డంగా ఏర్పడిన పగుళ్లలో నీరు చేరి మూలలను అరగదీసినది. అరిగినది మొరమై వానలకు కొట్టుకుపోగా, మిగిలినవే ఒకదానిపై ఒకటి నిలిచిన గుండ్లు. మౌలాలి వంటి గుట్టలలో శిల ఉల్లిపొరల వలె పలుచని పలకలుగా విడివడుతుంది.

నిర్మాణానికి పూనుకునే వారు ఈ స్వభావమును ముందుగా గుర్తించవలసి ఉన్నది. రెండు గుండ్ల నడుమ ఖాళీ వృథా స్థలం కాదు, వాననీరు దిగే దారి. దానిని సిమెంటుతో పూడ్చినచో నీరు వెనుకనే నిలిచి మరొక చోట దారి వెదకుకుంటుంది. అడుగున ఉన్న చిన్న రాయి పైనున్న పెద్ద గుండుకు ఆధారం కావచ్చును. పేలుడు పదార్థాలతో ఒక బండను పగులగొట్టినప్పుడు ఆ అదురు చుట్టుపక్కల పొరలను కూడా వదులు చేయగలదు. నరికిన చెట్టు స్థానంలో మరొకటి నాటవచ్చును గాని, పగిలిన బండను తిరిగి నిలుపుట ఎవరి తరమూ కాదు.

పూర్వుల పద్ధతి

గోల్కొండ కోటను నిర్మించిన వారు కొండపై గల పెద్ద గుండ్లను తొలగించలేదు. వాటినే గోడలో భాగం చేసి, రెండు గుండ్ల నడుమ రాతికట్టు నిలిపినారు. ప్రకృతి ఎక్కడ ముగిసినదో, మనిషి పని ఎక్కడ మొదలైనదో కొన్ని చోట్ల చప్పున పోల్చుకొనలేము.

మౌలాలి గుట్ట పాదభాగంలో కవయిత్రి మహ్లఖా బాయి చందా 1792లో తన తల్లి కొరకు నిర్మింపజేసిన సమాధి ఉద్యానం ఉన్నది. 1824లో మరణించిన ఆమె కూడా అక్కడే విశ్రమించినది. ఇటీవలి కాలంలో, 2011 నాటికి, దీనిని పునరుద్ధరించినారు. ఇక్కడ తోట, ఆవరణ, నీటి వసతి వంటి విస్తృత నిర్మాణమంతా గుట్ట దిగువన సమతల భూమిపైననే ఉండుట గమనార్హం.

ఆధునిక కాలంలోనూ ఇట్టి ఉదాహరణలు లేకపోలేదు. శ్రీలంకలో దంబుల్ల సమీపాన వాస్తుశిల్పి జెఫ్రీ బావా రూపొందించిన కందలమ హోటల్ 1994లో ప్రారంభమైనది. కొండచరియను ఆనుకొని స్తంభాలపై నిలిచిన ఆ కట్టడం కిందుగా వాననీరు తన దారిన పారిపోతుంది. తీగలు, మొక్కలు కట్టడమును కప్పివేస్తున్నవి. మన నగరంలో మాజీ ఐ.ఏ.ఎస్. అధికారి, చరిత్ర రచయిత కీర్తిశేషులు నరేంద్ర లూథర్ బంజారాహిల్స్‌లోని తమ ఇంటిని అక్కడి బండను తొలగించకుండా, దానిని ఇంటిలో కలుపుకొని నిర్మించుకొన్నారు.

పాటించదగిన సూత్రాలు

వాహనాలు నిలుపు స్థలం, మరుగుదొడ్లు, తినుబండారాల దుకాణాలు గుట్ట దిగువననే ఉండవలెను. పైకి వెళ్లేది బాట ఒక్కటే. ఆ బాట బండ వాలును అనుసరించి మలుపులు తిరగవలెను గాని, దానిని కోసుకొని నేరుగా పోరాదు. స్థానిక రాయినే వాడుట, బండలపై రంగులు, రాతలు లేకుండా చూచుట, కంటికి గుచ్చుకోని దీపాలు అమర్చుట అవసరం. అవసరమైనప్పుడు విప్పి తీసివేయగల కట్టడమే ఉత్తమం.

అయితే ప్రకృతిలో ఒదిగిపోవుట పేరుతో సందర్శకుల భద్రతను విస్మరించరాదు. ఎండకు కాలిన గ్రానైటుపై నీడ లేని మెట్లు వృద్ధులకు, పిల్లలకు పరీక్షయే. తగిన దూరాలలో మజిలీలు, నీడ, త్రాగునీరు, చేతిపట్టు కమ్మీలు తప్పనిసరి. మెట్లు ఎక్కలేని వికలాంగుల కొరకు కొండ రూపం చక్కగా కనిపించే చోట చక్రాల కుర్చీ చేరగల వేదిక దిగువననే ఏర్పాటు చేయవచ్చును. వారికి చోటు లేని నిర్మాణం ఎంత అందంగా ఉన్నను అసంపూర్ణమే.

రక్షణ ఎక్కడ ఉన్నది?

శిలల పరిరక్షణకు కృషి చేస్తున్న సొసైటీ టు సేవ్ రాక్స్ సంస్థ 1996లో ఏర్పడినది. అప్పటి హుడా 13వ నిబంధన కింద నగర పరిసరాలలోని తొమ్మిది శిలా సముదాయాలకు వారసత్వ గుర్తింపు లభించినది. మౌలాలి సమీపంలోని సెంటినెల్ రాక్, శిల్పారామంలోని బేర్స్ నోస్ వాటిలోనివే. 2015లో ఆ నిబంధనను తొలగించగా, 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చినది.

నిబంధనలు మారవచ్చును. కాని ఒక గుట్ట భవితవ్యం తరచుగా నిర్ణయమయ్యేది పని అంచనాలలోని మొదటి పంక్తి వద్దనే. అక్కడ "స్థలమును చదును చేయుట" అని వ్రాసినచో, తరువాత ఎంత నిపుణుడైన వాస్తుశిల్పి వచ్చినను ఒదిగించుటకు ప్రకృతి మిగలదు. దానికి బదులు ప్రతి గుండునూ, ప్రతి నీటిదారినీ, ప్రతి చెట్టునూ గుర్తించిన పటం అంచనాలకు జతపరచి, వాటిని కదిలించరాదన్న షరతును టెండరులోనే చేర్చినచో నిర్మాణం తనంతట తాను కొండకు అనుగుణంగా రూపుదిద్దుకుంటుంది.

కావున ఇట్టి పనులను మంజూరు చేయు అధికారులు ముందుగా ఆ పటమును కోరవలెను. శంకుస్థాపన వార్త వ్రాయు పాత్రికేయులు ఎంత వ్యయమగునన్న ప్రశ్నతో పాటు ఎన్ని బండలు తొలగించనున్నారన్న ప్రశ్న కూడా వేయవలెను. ఆ సమాధానం సున్నా అయిన నాడు ఆ నిర్మాణం సరియైన దారిలో ఉన్నట్లు భావించవచ్చును.