పేరు ఊరందరికీ, ఫోను నంబరు ఇంటికే

బరంపురంలో ఒక ఇల్లాలు ఆవకాయ, గోంగూర పచ్చళ్లు పట్టి అమ్ముతున్నారనుకోండి. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న కొడుకు "అమ్మా, నీకొక వెబ్‌సైట్ పెట్టిస్తాను" అని డాట్ కామ్ పేరొకటి కొంటాడు. ఫారంలో అమ్మ పేరు, ఇంటి చిరునామా, ఆవిడ ఫోను నంబరు నింపుతాడు. ఆ వివరాలు ఎవరి కంట పడతాయన్న ఆలోచనే అతనికి రాదు.

వెబ్‌సైట్ పేరు ఎవరిదో తెలిపే పట్టికను 'హూ ఈజ్' అనేవారు. 1982 నాటికి ఇంటర్నెట్ కొద్దిమందిదే. ఒకరినొకరు సంప్రదించుకోవడానికి అది పనికొచ్చింది. తరువాత కోట్లాది పేర్లు చేరినా తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. ఆ చిరునామాలకే అక్కరలేని ఫోన్లు, "మీ పేరు గడువు తీరుతోంది, డబ్బు కట్టండి" అనే దొంగ ఉత్తరాలు వచ్చేవి.

2018 మేలో ఐరోపా సమాఖ్య వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అమలులోకి వచ్చింది. దానితో, ఈ పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ సంస్థ నిబంధనలు మార్చింది. డాట్ కామ్ వంటి పేర్లకు ఇప్పుడు వ్యక్తుల వివరాలు చాలావరకు మరుగున ఉంటాయి. అయితే రాష్ట్రం, దేశం కనిపిస్తాయి. 'సంస్థ' అనే గడిలో వ్రాసింది కూడా బయటపడవచ్చు. కనుక అక్కడ ఇంట్లోవాళ్ల పేరు వ్రాయకండి. 2018కి ముందు బయటపడి ఇతరులు దాచుకున్న వివరాలను వెనక్కు తీసుకోలేం.

పేరు అమ్మే రిజిస్ట్రార్‌ను 'ప్రైవసీ' సేవ అడగండి. మీ వివరాలకు బదులు ఆ సేవ వారి వివరాలు కనిపిస్తాయి. చాలాచోట్ల ఇది ఉచితమే. డాట్ ఇన్ పేర్లకు మాత్రం ఈ సేవకు అనుమతి లేదు.

"ఇంత గొడవెందుకు? తప్పుడు చిరునామా ఇస్తే పోలేదా?" అంటారేమో. ఆ పని మాత్రం చేయకండి! డాట్ కామ్ వంటి పేర్లకు ఇచ్చిన ఈమెయిలు లేదా ఫోను 15 రోజులలో ధ్రువపడకపోతే పేరు నిలిపివేయవచ్చు. రేపు తగాదా వస్తే ఆ పేరు మీదేనని నిరూపించుకోవడమూ కష్టమే. వీధికి చెప్పకపోయినా రిజిస్ట్రార్‌కు నిజం చెప్పాలి.

మన సంఘాలకూ ఇదే మాట. సంఘం వెబ్‌సైట్ కార్యదర్శిగారి సొంత పేరున, సొంత ఈమెయిలుతో ఉంటే, ఆయన బదిలీపై షోలాపూరు వెళ్లిన ఏడాది రుసుము కట్టమన్న కబురు సంఘానికి చేరదు. గడువు దాటితే పేరు పరాయివాళ్ల పాలు కావచ్చు. సంఘం పేరు, కార్యాలయ చిరునామా, పదవిలో ఎవరున్నా తెరవగలిగే ఈమెయిలు ఇవ్వండి. ఆ తాళంచెవి ఇద్దరి దగ్గరైనా ఉండాలి.

ఇప్పటికే వెబ్‌సైట్ ఉన్నవారు ఈ వారమే ఐకాన్ వారి వెతుకులాట పేజీలో తమ పేరు కొట్టి చూడండి. ముక్కూమొహం తెలియనివారికి మీ ఇంటి గురించి ఏం తెలుస్తోందో మీకే అర్థమవుతుంది.