ఇల్లు, బిడ్డలు, నగల పని

శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములలో చేతిపని యనగానే పొందూరు ఖద్దరు, బుడితి కంచు ఇత్తడి పాత్రలు, బొబ్బిలి వీణలు జ్ఞప్తికి వచ్చును. నగల పని అట్లు ఎవరి కంటను పడదు. అది వసారాలోనో, వంటయింటి గడప ప్రక్కనో, బిడ్డ నిదురించిన తరువాత జరుగు పని. పూసలు గ్రుచ్చుట, పట్టుదారముతో గాజులు చుట్టుట, మట్టితో జుమికీలు చేసి కాల్చుట, స్వర్ణకారుల ఇండ్లలో గొలుసుల లంకెలు అల్లుట, ఇవన్నియు ఇట్టివే. చేయువారిలో పెక్కుమంది పిల్లల తల్లులు. పంచాయతీ సభ్యులు తమ గ్రామములో ఎవరెవరు ఈ పని చేయుచున్నారో ఒకసారి విచారించిన, తాము అనుకొన్నదానికంటె ఎక్కువ పేర్లు తేలునని మా నమ్మకము.

ఈ ప్రాంతమునకు నగ క్రొత్తది కాదు. సీతంపేట కొండలలో సవర స్త్రీలు మెడనిండ పూసలదండలు ధరించుట తరతరముల ఆచారము. (సీతంపేట 2022 ఏప్రిల్ నుండి పార్వతీపురము మన్యము జిల్లాలో చేరినది.) గదబ స్త్రీలు ఒకప్పుడు భుజములకు తగులునంత పెద్ద ఇత్తడి తీగ వలయములను చెవులకు ధరించెడివారు. కొంచెము దక్షిణమున, వరాహనది ఒడ్డునగల ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణెపై తిప్పి, లక్క రంగులు ఎక్కించి, బొమ్మలతోపాటు గాజులు, పూసలు కూడ చేయుదురు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. పనితనమునకు మనకు లోటు లేదు. లోటంతయు లెక్కలో ఉన్నది.

ఉదాహరణమునకు ఒక పూసలదండను తీసికొందము. పూసలు, దారము, కొక్కెము కలిసి 70 రూపాయలు. సంతలో అమ్మిన ధర 150 రూపాయలు. చేతికి 80 మిగిలెనని ఆ యిల్లాలు సంతోషించును. కాని సంతకు పోయివచ్చిన బస్సు చార్జీని పది దండలకు పంచినచో ఒక్కొక్కదానికి 8 రూపాయలు పడును. పగిలిన పూసలకు, అమ్ముడుపోక రంగు మాసిన సరుకునకు మరియొక 12 తీసివేయవలెను. మిగిలినది 60. దండకు పట్టిన కాలము నాలుగు గంటలైనచో గంటకు 15 రూపాయలు మాత్రమే గిట్టినది. ఆమె పొలము కూలికి పోయిన ఎంత వచ్చునో సభ్యులకు మేము చెప్పనక్కరలేదు. ఇంటిపట్టున ఉండి చేసిన పనికి వెల కట్టనక్కరలేదను అలవాటువలన ఈ నష్టము లాభమువలె కనబడుచున్నది.

గంటలు లెక్కించుట కష్టమని కొందరు అందురు. నిజమే, తల్లి పని ఏకధాటిగా సాగదు. అందువలన గోడమీది కాలెండరులో అరగంటకు ఒక గీత చొప్పున గీచుకొనిన చాలును. నెల తిరిగినపుడు గీతలు కూడి, వచ్చిన మిగులును వానితో భాగించిన, ఏ నగకు కూలి గిట్టుచున్నదో, ఏది మానవలెనో తేటపడును.

అంతకంటె ముఖ్యమైన విషయము మరొకటి కలదు. నగల పనిని రెండుగా విభజింపవలెను: బిడ్డ ఏడ్చినచో విడిచి లేవదగిన పని, విడువరాని పని. పూసలు గ్రుచ్చుట, దారము చుట్టుట మొదటి తెగలోనివి. ఎక్కడ ఆపిననూ చెడవు. ఊదుగొట్టముతో వెలిగారము వేసి అతుకుట, మట్టి నగలను కాల్చుట, పూత పూయుట రెండవ తెగలోనివి. వీనిని సగములో విడిచిన సరుకు చెడును. విడువక కూర్చున్న బిడ్డ నిప్పువద్దకు వచ్చును. కాబట్టి ఈ పనులన్నియు వారమునకు ఒకటి రెండు పూటలకు కూడబెట్టి, బిడ్డను మరియొకరు చూచుచున్న సమయముననే చేయవలెను. అత్తగారో, ఆడబిడ్డయో, పొరుగింటి వదినెయో సాయపడవచ్చును. తండ్రి సాయపడిన మరియు మంచిది. ఇది తన పని కాదని అతడు అనుకొనుటకు ఏ శాస్త్రములోను ఆధారము మాకు కనబడలేదు.

అతుకు పనిలో కాడ్మియము కలసిన లోహమును వాడుట ప్రమాదకరము. వేడికి లేచు దాని పొగ ఊపిరితిత్తులను పాడుచేయును. కాడ్మియము లేని అతుకు లోహమే కొనవలెను. బందరు ప్రక్కనున్న చిలకలపూడి రోల్డుగోల్డు నగలను చూచి ఇంట బంగారు పూత మొదలుపెట్టవలెనని కొందరికి ఉత్సాహము కలుగును. ఆ ద్రావణములలో సయనైడు లవణములుండవచ్చును. అది ఎంతమాత్రము ఇంటిలో చేయదగిన పని కాదు. పూత పనిని తగిన ఏర్పాట్లున్న వారికే అప్పగింపవలెను. పూసలు గ్రుచ్చు ఇంట కూడ జాగ్రత్త అవసరము. చిన్న బిడ్డలు పూసలను నోటిలో, ముక్కులో పెట్టుకొందురు. అవి మూతగల డబ్బీలలో ఉండవలెను. పని ముగియగానే నేల ఊడ్వవలెను. కొన్ని గొలుసుల కొక్కెములలో చిన్న అయస్కాంతములుండును. బిడ్డ రెండింటిని మ్రింగినచో అవి ప్రేగులలో ఒకదానికొకటి అంటుకొని ప్రేగును చిల్లు చేయగలవు. మరునాటివరకు వేచియుండక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

అమ్మకములు ఏడాది పొడవునా ఒకే తీరున ఉండవు. దసరా వెళ్లిన మంగళవారమున విజయనగరములో పైడితల్లి సిరిమాను ఉత్సవము, జనవరిలో శంబర పోలమాంబ జాతర, రథసప్తమికి అరసవల్లి, తరువాత పెండ్లి ముహూర్తములు: ఇవి చేతినిండ పని గల దినములు. ఆషాఢము వచ్చునప్పటికి కొనువారుండరు. సరిగా ఆ రోజులలోనే బడులు తెరచుటయు, విత్తనముల ఖర్చును వచ్చిపడును. పూసలు కొనవలసిన సొమ్ము పుస్తకములకు పోవును. పిమ్మట వర్తకుడు అరువుపై పూసలిచ్చి, తయారైన దండలను తాను చెప్పిన ధరకే తీసికొనును. పెక్కు ఇండ్లలో వ్యాపారము ఇట్లే కూలిపనిగా మారుచున్నది. దీనికి మందు రెండు డబ్బీలు. ఒకటి సరుకు సొమ్మునకు, రెండవది ఇంటికి. వారము వారము తన కూలిని గీతల లెక్కన తీసి రెండవ డబ్బీలో వేసికొని, మొదటిదానిని ఎంత అవసరమైనను ముట్టరాదు.

పెట్టుబడికి మహిళా సంఘములున్నవి. డ్వాక్రా 1982-83లో మొదలైనది; 2000లో ప్రారంభమైన వెలుగు పథకము తొలి ఆరు జిల్లాలలో శ్రీకాకుళము, విజయనగరము రెండును ఉండినవి. సంఘపు అప్పుతో పది మంది కలిసి పూసలను ఒకేసారి కొనినచో వర్తకుని అరువు తప్పును.

ఇక పంచాయతీ చేయవలసినది. 73వ రాజ్యాంగ సవరణ చేర్చిన పదునొకండవ షెడ్యూలులో కుటీర పరిశ్రమలు, సంతలు, స్త్రీ శిశు సంక్షేమము మూడును పంచాయతీల విషయములుగా పేర్కొనబడినవి. 2023 సెప్టెంబరు 17న ఆరంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకములోని 18 వృత్తులలో స్వర్ణకార వృత్తి ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతము వడ్డీపై మొదట 1 లక్ష, దానిని తీర్చిన పిమ్మట 2 లక్షల వరకు అప్పు ఇందులో కలవు. అయితే కుటుంబమునకు ఒక్కరికే అర్హత. దరఖాస్తును మొట్టమొదట పరిశీలించునది గ్రామ పంచాయతీయే. భర్త ఏనాడో పని మాని వేరు బ్రతుకుతెరువు చూచుకొనగా, భార్య ఇంట లంకెలు అల్లుచున్నచో, ఎవరి పేరు రావలెను? అలవాటు చొప్పున భర్త పేరు వ్రాయక, పని చేయు చేతులెవరివో చూచి సిఫారసు చేయవలెనని మా అభిప్రాయము. పూసలదండలు, దారపు గాజులు ఈ 18 వృత్తులలో లేవు. ఆ పని చేయువారిని దీనికొరకు కార్యాలయముల చుట్టు త్రిప్పి కూలి పోగొట్టక సంఘమునకు పంపుట మేలు. చిన్న పరిశ్రమల ఉద్యం నమోదునకు రుసుము లేదు. దళారికి సొమ్మీయవలదని ముందే చెప్పవలెను.

అంగన్‌వాడీ కేంద్రము తెరచియున్న గంటలే తల్లికి నిప్పుపని చేసికొను గంటలు. అది వేళకు తెరచుచున్నదో లేదో చూచుట నగల వ్యాపారమునకు కూడ సాయమే. సంత విషయములో మరియొక చిన్న పని కలదు. ఆశీలు పాట పెట్టునపుడు, బుట్టతో వచ్చి నేలపై గుడ్డ పరచుకొని అమ్ము స్త్రీనుండి పెద్ద దుకాణముతో సమానముగా వసూలు చేయరాదని షరతులలోనే వ్రాయించి, ఆ రేట్లను సంత మొగలో బోర్డుపై కట్టింపవలెను.