ముసలి యెద్దు ప్రక్కన కోడె

కెనడా, అమెరికా దేశములలో మంచుగడ్డపై హాకీయాడు జీతపు జట్లు కలవు. అందు కడపట నిలిచిన జట్టునకు క్రొత్త యువకుల నెన్నుకొనుటలో మొదటి వంతు దక్కు నవకాశ మధికము. కావున జట్టు చెడినప్పుడు అనుభవజ్ఞుల నితరుల కిచ్చివేసి, కొన్నేండ్లోడియైనను బాలురను గూర్చుకొనుట మేలని కొందఱందురు.

ఎడ్మంటను జట్టు 2010, 2011, 2012 సంవత్సరములలో వరుసగా మొదటి వంతు పొందెను. అయినను 2007 మొదలు 2016 వఱకు పదియేండ్లు కప్పు పోటీల గడపయైన త్రొక్కలేదు. రైతెవ్వడైన రెండు కోడెలనే కాడికి గట్టునా? ముసలి యెద్దు ప్రక్కన గట్టి కదా దున్నుట నేర్పును!

డెట్రాయిటువారు 1998లో 171వ వానిగా డాట్సుక్కును, 1999లో 210వ వానిగా జెటర్‌బర్గును గైకొని, పెద్దల సరసన నాడించి 2008లో స్టాన్లీ కప్పు గెలిచిరి. మరుసటి యేడు వారినే యోడించిన పిట్స్‌బర్గు, 2005లో మొదటి వంతున క్రాస్బీని పొందినదే కదా యని ప్రతివాదులందురు. నిజమే, కాని యా బాలుడు తొలియేండ్లు జట్టు పాత నాయకుడును యజమానియు నగు లెమ్యూ యింటనే వసించెను.