లోహం మీద పాచి

“సార్, మా నాయనమ్మ మోకాలిలో పెట్టింది లోహం. దానికి ప్రాణం లేదు కదా. మరి ఇన్ఫెక్షన్ ఎట్లా వచ్చింది?”

పాల్వంచ దగ్గరి ఒక బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. లోహానికి ప్రాణం లేదు కాబట్టే వచ్చింది.

రక్తం పారే ప్రతి చోటుకీ తెల్లకణాలు చేరతాయి. మోకాలి మార్పిడిలో తొడ ఎముక చివర తొడిగే కోబాల్ట్-క్రోమియం తొడుగుకు గానీ, రెండు ఎముకల మధ్య అమర్చే పాలిథిలీన్ బిళ్లకు గానీ రక్తనాళాలు ఉండవు. అక్కడ వాలిన బాక్టీరియాను అడిగే నాథుడే లేడు. 1957లో ఎలెక్, కొనెన్ అనే పరిశోధకులు ముందుకొచ్చిన మనుషుల చర్మంలోకి స్టెఫైలోకాకస్ అనే బాక్టీరియాను ఎక్కించి చూశారు. ఉత్త చర్మంలో చీము పట్టాలంటే పది లక్షలకు పైగా బాక్టీరియా కావలసి వచ్చింది. అదే చోట ఒక పట్టుదారం కుట్టు ఉంటే కొన్ని వందలే సరిపోయాయి. దారం ముక్కకే అంత తేడా వస్తే, గుప్పెడు లోహం సంగతి ఊహించుకోవచ్చు.

కృత్రిమ తుంటికీలును నేటి రూపానికి తెచ్చిన జాన్ చార్న్‌లీకి ఈ బెడద బాగా తెలుసు. ఇంగ్లండులోని రైటింగ్‌టన్ ఆసుపత్రిలో ఆయన మొదట వాడిన టెఫ్లాన్ గిన్నెలు కొన్నేళ్లకే అరిగిపోయాయి. రాలిన పొడి ఒంటికి ఏం చేస్తుందో తెలుసుకోవడానికి టెఫ్లాన్ పొడిని తన తొడలోకే ఎక్కించుకున్న మనిషి ఆయన. 1962లో పాలిథిలీన్ చేతికొచ్చాక అరుగుదల చాలావరకు తగ్గింది, చీము బెడద మాత్రం అలాగే ఉంది. తొలి రోజుల్లో నూటికి ఏడుగురికి పైగా ఇన్ఫెక్షన్ వచ్చేది. థియేటర్ లోపలే మరో చిన్న గది కట్టించి, వడగట్టిన గాలిని ధారగా పంపి, సర్జన్లు వదిలే ఊపిరిని గొట్టాలతో బయటికి లాగే దుస్తులు తొడిగించాక అది ఒక శాతం దరిదాపుల్లోకి దిగింది. ఆ మిగిలిన కొద్దిమంది గురించే ఈ కథ అంతా.

కిన్నెరసాని వాగులో దిగినవాళ్లకు తెలుసు. నీళ్లు అద్దంలా ఉంటాయి, రాయి మీద కాలు పెడితే సర్రున జారుతుంది. 1970లలో బిల్ కాస్టర్టన్ అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్త, ఆయన సహచరులు కొండవాగుల్లో లెక్కపెట్టి చూస్తే, నీళ్లలో తేలే బాక్టీరియా కొద్దిగానే ఉంది, రాళ్లను అంటుకున్నది ఎన్నో రెట్లు ఉంది. ఆ పాచినే శాస్త్రంలో బయోఫిల్మ్ అంటారు. మోకాలిలోని లోహం మీద పట్టేదీ అదే.

ఆపరేషన్ పూర్తయిన క్షణం నుంచి ఆ లోహం కోసం పందెం మొదలవుతుంది. మన కణాలు ముందు చేరి దాన్ని కప్పేస్తే బాక్టీరియాకు చోటు దొరకదు. బాక్టీరియా ముందు చేరితే గంటల్లోనే అంటుకుంటుంది. తర్వాత చిన్న గుంపులు కట్టి, జిగురు స్రవించి, ఆ జిగురు కిందే స్థిరపడుతుంది. అక్కడి బాక్టీరియా చాలా నెమ్మదిగా పెరుగుతుంది. మన యాంటీబయోటిక్ మందుల్లో చాలావాటికి చురుగ్గా పెరిగే కణమే లక్ష్యం. కణం కొత్త గోడ కట్టుకునేటప్పుడు దెబ్బకొట్టే పెన్సిలిన్ లాంటి మందుకు, గోడ కట్టడమే మానేసిన కణం దగ్గర పని ఉండదు. తేలే బాక్టీరియాను చంపే మోతాదుకు వందల రెట్లు పోసినా పాచిలోనిది బతికిపోతుంది. అంత మందు మనిషి తట్టుకోలేడు.

పాచి లేతగా ఉన్నప్పుడు గీకి కడిగితే పోతుంది. మూడు నాలుగు వారాలు దాటి ముదిరితే లోహాన్ని తీసేయక తప్పదు. చికిత్స అంతా ఈ గీతకు అటా ఇటా అన్నదాని మీదే నడుస్తుంది.

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఏ అంకెకు ఏం చేయాలో ముందే రాసి ఉంటుంది. కీలు ఇన్ఫెక్షన్‌కూ అలాంటి గీతలు గీయాలని డాక్టర్లు ఏళ్ల తరబడి ప్రయత్నించారు. 1975లో మేయో క్లినిక్‌కు చెందిన మార్క్ కోవెంట్రీ మూడు దశలు చెప్పాడు. నన్ను అమితంగా ఆకట్టుకున్నది మాత్రం 1996లో సుకయామా బృందం 106 తుంటి ఇన్ఫెక్షన్లు పరిశీలించి చేసిన నాలుగు రకాల విభజన. ఒకటి, కీలు వదులైందని మార్చేటప్పుడు తీసిన ముక్కల్లో అనుకోకుండా బాక్టీరియా బయటపడడం. రెండు, ఆపరేషనైన నెలలోపే వచ్చేది. మూడు, నెల దాటాక మెల్లగా ముదిరేది. నాలుగు, ఎక్కడో పుట్టి రక్తంలో కొట్టుకొచ్చి హఠాత్తుగా కీలును పట్టేది.

ఆ నాలుగో రకంలోనే అసలు తెలివి ఉంది. చర్ల వైపు మిరప చేలో పనిచేసే ఒకామెకు మూడేళ్ల కింద మోకాలు మార్చారనుకుందాం. హాయిగా నడుస్తోంది. కాలికి ముల్లు గుచ్చుకుని చీము పట్టింది, వారానికి చలిజ్వరంతో మోకాలు రాత్రికి రాత్రే ఉబ్బింది. ఇంకొకాయనకు ఆపరేషనై ఎనిమిది నెలలే. జ్వరం లేదు, కానీ నొప్పి ఒక్కరోజూ తగ్గలేదు, ఇప్పుడు కుట్టు పక్కన రంధ్రం పడి రసి కారుతోంది. ఆపరేషన్ తేదీ చూస్తే ఆమెది పాతది, ఆయనది కొత్తది. పాచి వయసు చూస్తే ఆమెది కొన్ని రోజులది, ఆయనది నెలలది. గడియారం తిరగడం మొదలయ్యేది బాక్టీరియా లోహాన్ని తాకిన రోజున.

అందుకే ఆమెకు వెంటనే కీలు తెరిచి, పాడైన కండ తీసి, పాలిథిలీన్ బిళ్ల మార్చి, గట్టిగా నిలిచి ఉన్న లోహాన్ని అలాగే ఉంచే ప్రయత్నం చేయవచ్చు. ఆయనకు లోహమంతా తీసి, యాంటీబయోటిక్ కలిపిన సిమెంటు దిమ్మెను తాత్కాలికంగా పెట్టి, వారాల తరబడి మందులిచ్చి, ఇన్ఫెక్షన్ తగ్గాక కొత్త కీలు వేయడం వాడుకలో ఉన్న దారి. సిమెంటు గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది. ఆ వేడికి జెంటమైసిన్ అనే యాంటీబయోటిక్ చెడిపోదు, గట్టిపడ్డాక మెల్లగా ఊరుతుంది. మందు కలిపిన ఈ సిమెంటును 1970 ప్రాంతంలో హాంబర్గ్‌లో బుక్‌హోల్జ్ అనే సర్జన్ వాడుకలోకి తెచ్చాడు.

లేత పాచిలోకి చొరబడే మందు మన ఊళ్లలో అందరికీ తెలిసిందే. టీబీకి వాడే, మూత్రాన్ని ఎర్రబరిచే రిఫాంపిసిన్. లోహాన్ని ఉంచి స్టెఫైలోకాకస్‌కు చికిత్స చేసిన జిమ్మర్లీ బృందం 1998లో ఫలితాలు ప్రకటించింది. చికిత్స పూర్తిచేసినవారిలో రిఫాంపిసిన్ కూడా తీసుకున్న 12 మందిలో 12 మందికీ నయమైంది, తీసుకోని 12 మందిలో ఏడుగురికే నయమైంది. ఒంటరిగా ఇస్తే బాక్టీరియా దానికి త్వరగా మొండికేస్తుంది కాబట్టి మరో మందుతో కలిపే ఇస్తారు.

తర్వాతి కథ వేగంగా సాగింది. మెక్‌ఫెర్సన్ అనే సర్జన్ రోగి ఒంటి శక్తినీ కాలి పరిస్థితినీ లెక్కలోకి తెచ్చాడు. షుగరూ పొగతాగే అలవాటూ ఉన్నవారికి అదే ఇన్ఫెక్షన్ వేరే చికిత్స కోరుతుంది. తీసిన లోహాన్ని అతిధ్వని తరంగాలతో కుదిపి పాచిని రాల్చి పరీక్షించడం 2007 నుంచి ప్రాచుర్యంలోకి వచ్చింది. 2018 నాటి అంతర్జాతీయ నిపుణుల ఏకాభిప్రాయం పరీక్షలకు మార్కులు పెట్టింది. మొత్తం ఆరు దాటినా, ఆరుకు చేరినా ఇన్ఫెక్షన్ ఉన్నట్టే.

ఆ మార్కుల పట్టికలో ఒక చవక వస్తువు ఉంది. మూత్ర పరీక్షకు వాడే స్ట్రిప్పు. తెల్లకణాలలోని ఎస్టరేజ్ అనే ఎంజైమ్ స్ట్రిప్పు మీది రసాయనాన్ని విడగొడుతుంది, విడిన ముక్క పక్కనున్న మరో రసాయనంతో కలిసి ఊదారంగు పుట్టిస్తుంది. కీలులోంచి సూదితో తీసిన నీటి చుక్క వేస్తే రెండు నిమిషాల్లో రంగు తేలుతుంది. నీటిలో రక్తం కలిస్తే రంగు తెలియదు, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి వేయాలి. ఒక్క స్ట్రిప్పుతో తీర్పు చెప్పరు, కానీ ముదురు ఊదా వస్తే మూడు మార్కులు.

మన అడవి అంచు ఊళ్లలో ఈ పరీక్షలన్నిటినీ ఓడించేవి రెండున్నాయి. మొదటిది దూరం. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటి దారులన్నీ మునిగినట్టు మునిగితే, గీతకు ఇవతల ఉన్న మోకాలు అవతలికి పోతుంది. రెండోది ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే మాత్రలు. అవి నొప్పినీ జ్వరాన్నీ తగ్గిస్తాయి, పాచిని ముట్టుకోవు, పైగా కీలు నీటిలో బాక్టీరియా పెరగకుండా చేసి కల్చర్ పరీక్షను గుడ్డిది చేస్తాయి. ఏ బాక్టీరియానో తెలియకపోతే ఏ మందో తెలియదు. మనిషి ప్రమాదంలో ఉంటే తప్ప, నీరు తీశాకే మందు మొదలుపెట్టాలని నిపుణులు కోరేది ఇందుకే.

కీలు మార్పించుకున్న పెద్దవాళ్లున్న ఇంట్లో మూడు సంగతులు కాగితం మీద రాసిపెట్టండి. ఆపరేషన్ తేదీ, వాపు మొదలైన తేదీ, ఈలోపు మింగిన మాత్రల పేర్లు. వాపు కనిపించిన రోజే ఆ కాగితంతో ఆపరేషన్ చేసిన డాక్టర్‌ను కలవండి. నాలుగు రకాల్లో ఇది ఏదో తేల్చడానికి ఆయన అడిగే మొదటి ప్రశ్నలు అవే.